బండికో నంబరు, మనిషికో పిలుపు

విజయనగరం గంటస్తంభం దగ్గర ఓ పావుగంట నిలబడితే చాలు, మనవాళ్ళు బండ్ల వెనక ఎంత సాహిత్యం రాయిస్తారో తెలిసిపోతుంది. పైడితల్లమ్మ దయ అని ఒక ఆటో, నాన్న కానుక అని ఒక మోటారు సైకిలు, ఇద్దరు పిల్లల పేర్లూ రాయించి మధ్యలో గులాబీ పువ్వు వేయించుకున్న ఒక వ్యానూ. శ్రీకాకుళం వెళితే పైడితల్లమ్మ ఉన్నచోట అరసవిల్లి సూర్యనారాయణమూర్తి ఉంటాడు, అంతే తేడా. ఇన్ని రాతల మధ్యా సర్కారువారి రాత ఒక్కటే - నంబరు ప్లేటు. అది మాత్రం మనిష్టం కాదు. వాళ్ళిచ్చిందే తగిలించుకోవాలి.

అమెరికాలో కొందరికి ఆ ప్లేటు మీద కూడా తమ పేరే ఉంటుందంటే నమ్ముతారా? అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు సుమండీ, రేడియో పేరు. సొంతంగా వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని దేశదేశాల వాళ్ళతో సరదాగా మాట్లాడుకునే వాళ్ళని అమెచ్యూర్ రేడియోవాళ్ళు అంటారు. ముద్దుగా 'హామ్'లు. ఇది వ్యాపారం కాదు, ఉద్యోగం కాదు. పరీక్ష రాసి ప్రభుత్వం దగ్గర లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సుతోపాటు కొన్ని అక్షరాలూ ఒక అంకే కలిపి ఒక పేరు ఇస్తారు. దాన్నే కాల్‌సైన్ అంటారు, మన భాషలో పిలుపు పేరు అనుకోండి. ప్రపంచం మొత్తమ్మీద ఆ పేరు గలవారు మరొకరుండరు. సీతలూ లక్ష్ములూ వీధికి నలుగురున్న మనకి ఇది కొంచెం అసూయ కలిగించే సంగతే!

అమెరికాలో ఆ లైసెన్సు చూపించి అర్జీ పెట్టుకుంటే, యాభై రాష్ట్రాల్లో ఎక్కడైనా సరే, మోటారు శాఖవారు ఆ కాల్‌సైన్‌నే కారు నంబరుగా అచ్చుకొట్టి ఇస్తారు. దీన్ని వట్టి డాబు అనుకోకండి. హామ్ వాడే సెట్లు చాలామటుకు పన్నెండు వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. కారులో ఉండేదీ అదే. అంచేత కరెంటు పోయినా, ఫోను స్తంభాలు కూలినా, కారున్న హామ్ దగ్గర ఒక చిన్న తంతి ఆఫీసు ఉన్నట్టే. వరదలప్పుడూ తుపానులప్పుడూ రోడ్డు మీద ఉన్న పోలీసువాడికి ఆ ప్లేటు చూడగానే ఈ బండిలో వైర్‌లెస్ మనిషి ఉన్నాడని తెలుస్తుంది. గుర్తుపట్టడం కోసం పెట్టుకున్న పేరన్నమాట.

మన దేశంలో అలా కుదరదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు ఉండవలసిన పలక మీద ఇంకో రాత ఉండకూడదు. ఆ నంబరు కూడా ఇంగ్లీషు అక్షరాలతోనే, ఫలానా కొలతలతోనే ఉండాలి. 2019 ఏప్రిల్ ఒకటి నుంచి కొత్త బండ్లన్నిటికీ హోలోగ్రామ్ ముద్ర ఉన్న ప్లేటు తప్పనిసరి అయ్యాక, పెయింటరు చేత వంకీలు తిప్పించుకునే సరదా కూడా తీరిపోయింది. అందుకని మన హామ్‌లు తమ పిలుపు పేరుని వెనక అద్దం మీద స్టిక్కరుగా అంటించుకుంటారు. గులాబీ పువ్వు పక్కనే అన్నమాట.

ఇంతకీ ఈ అక్షరాలు ఎవరు పంచారు? ఇదో చిన్న కథ. మన దేశంలో మొట్టమొదటి హామ్ అమరేంద్ర చంద్ర గుప్తూ. 1921లో ఆయన పిలుపు పేరు 2 జె.కె. అప్పట్లో ఏ దేశంవాడో చెప్పే అక్షరం ఏదీ పేరులో లేదు. రేడియో తరంగానికి సరిహద్దులు తెలియవు గదా, మాట్లాడేవాడు ఏ దేశంవాడో తేలక గందరగోళం అయ్యేది. చివరికి 1927లో వాషింగ్టన్‌లో అన్ని దేశాలవాళ్ళూ కూర్చుని, ఉమ్మడి ఆస్తి పంచుకున్నట్టు, అక్షరాలు పంచుకున్నారు. మన వాటాకి వచ్చిన అక్షరాల్లో 'వి.టి.' విమానాలకి వెళ్ళింది. ఇప్పటికీ మన విమానాల మీద ఆ అక్షరాలే చూస్తాం. 'వి.యు.' రేడియోవాళ్ళకి వచ్చింది. 1929 నుంచి మన హామ్‌ల పేర్లన్నీ 'వి.యు.' తోనే మొదలు. తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు, వైస్రాయి వెళ్ళిపోయాడు, రూపాయి మీద బొమ్మ మారింది. ఆ 'వి.యు.' మాత్రం మెట్టినింటి పేరులా మనకి అతుక్కుని ఉండిపోయింది.

ఆ రెండక్షరాల తరువాత అంకె వస్తుంది. 2 గాని 3 గాని ఉంటే లైసెన్సు తరగతి తెలుస్తుంది. 4 అయితే అండమాన్ నికోబార్ దీవులు, 7 అయితే లక్షద్వీపాలు. తక్కిన దేశమంతా, కాశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా, ఒకటే. 2014లో మన రాష్ట్రం రెండయినప్పుడు బండ్ల నంబర్లలో ఎ.పి. వాళ్ళొకవైపు, టి.ఎస్. వాళ్ళొకవైపు అయిపోయారు. హామ్‌ల పేర్లు మాత్రం చెక్కు చెదరలేదు. వాళ్ళ రికార్డులో జిల్లాలూ రాష్ట్రాలూ అసలు లేవు మరి.

బండి నంబర్ల లెక్క దీనికి సరిగ్గా తిరగబడ్డది. అందులో మనిషి ఉండడు, ఊరే ఉంటుంది. ఉంటుంది అనకూడదేమో, ఉండేది.

1989 జులై నుంచి కొత్త మోటారు చట్టం అమలుకి వచ్చి, దేశమంతా రాష్ట్రానికి రెండక్షరాలూ జిల్లాకి ఒక అంకే అనే పద్ధతి పెట్టారు. మన రాష్ట్రంలో అంకెలు ఎలా పంచారంటే, ఇంగ్లీషు అక్షరక్రమంలో. ఆదిలాబాదు 1, అనంతపురం 2, చిత్తూరు 3, అలా వచ్చి వచ్చి శ్రీకాకుళం దగ్గరికి 30 అయింది. తరువాత విశాఖపట్నం. పెద్ద ఊరు గదా, దానికి 31 నుంచి 34 దాకా నాలుగు అంకెలు పెట్టారు. ఆ తరువాత విజయనగరం, 35. భోజనాల పంక్తిలో పెద్దాయన నాలుగు పీటలు ఆక్రమించి కూర్చుంటే అటొకరూ ఇటొకరూ సర్దుకున్నట్టు, మా రెండు జిల్లాలూ విశాఖకి చెరో పక్కా కూర్చున్నాయి.

అదే తెలుగు అక్షరమాలలో పంచి ఉంటే? విజయనగరంలో రెండో అక్షరం 'జ', విశాఖలో 'శ'. విజయనగరమే ముందు వచ్చేది. శ్రీకాకుళం ఇద్దరి తరువాతా. మన ఊరి పేరుని తెల్లదొరలు 'జెడ్' పెట్టి రాయబట్టి గదా మేం విశాఖ వెనక్కి పోయాం! ఒక్క అక్షరం ఏ గతి పట్టిస్తుందో చూడండి.

అసలీ మూడు జిల్లాలూ ఒకే ఇంటి పిల్లలే. ఉమ్మడి విశాఖపట్నం జిల్లా నుంచి 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం వేరు కాపురం పెట్టింది. 1979 జూన్ ఒకటిన శ్రీకాకుళం, విశాఖ జిల్లాల్లో కొన్ని కొన్ని తాలూకాలు తీసి విజయనగరం జిల్లా చేశారు. అందుచేత మా ప్రాంతంలో ఒకే ఇంట్లో అత్తగారు పుట్టిన జిల్లా వేరు, కోడలు పుట్టిన జిల్లా వేరు, ఇద్దరూ పుట్టింది మాత్రం ఒకే ఊళ్ళో!

అయినా ఆ ముప్ఫయి, ముప్ఫయి అయిదు అంకెల మీద మాకో మమకారం ఏర్పడిపోయింది. శ్రీకాకుళం జిల్లా మనిషికి బతుకుతెరువు కోసం ఊళ్ళు పట్టుకుపోవడం కొత్త కాదు. హైదరాబాదులో ఇళ్ళు కట్టేచోట్ల, విజయవాడలో, చెన్నపట్నంలో ఎక్కడ చూసినా మనవాళ్ళే. అలాంటి పరాయి ఊళ్ళో సిగ్నలు దగ్గర ఎదుట ఆగిన బండి మీద ఎ.పి. 30 అని కనిపిస్తే ఆ మనిషి ముఖం చూడండి. "ఏ ఊరు బాబూ మీది?" "టెక్కలండీ." "మాది నరసన్నపేట." అంతే, పచ్చలైటు వెలిగి ఎవరి దారిన వాళ్ళు పోతారు. కానీ ఆ రోజంతా మనసు చల్లగా ఉంటుంది. సర్కారు లెక్క కోసం వేసిన అంకె, పరాయి ఊళ్ళో పుట్టింటి కబురులా పనిచేసేది.

2019 జనవరి చివర్లో ఆ కబురు ఆగిపోయింది. జిల్లాకో అంకె ఎందుకని, రాష్ట్రమంతటికీ ఒకే అంకె, 39 పెట్టి కొత్త రిజిస్ట్రేషన్లు మొదలుపెట్టారు. ఆఫీసులవాళ్ళకి అందులో సౌకర్యం ఉంది, కాదనను. కుప్పంలో కొన్న కారూ ఇచ్ఛాపురంలో కొన్న స్కూటరూ ఇప్పుడు ఒకే గోత్రం. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్ళీ విడగొట్టి పార్వతీపురం మన్యం జిల్లా చేశారు. పాలకొండవాళ్ళు శ్రీకాకుళం నుంచి అక్కడికి వెళ్ళారు. రాజాంవాళ్ళు విజయనగరం వచ్చారు. పాత బండ్లు మాత్రం పాత అంకెలతోనే తిరుగుతున్నాయి. పాలకొండలో ఎ.పి. 30 బండి కనబడితే అది పెళ్ళయిపోయినా ఇంకా పుట్టింటి పేరే చెప్పుకునే అమ్మాయిలా ఉంటుంది నాకు.

ఇక అమెరికా హామ్‌ల సంగతి. వాళ్ళ పిలుపు పేరులోనూ నడిమి అంకె ఒకప్పుడు ప్రాంతాన్ని చెప్పేది. 6 అంటే కాలిఫోర్నియా అని వినగానే తెలిసేది. ఇప్పుడు ఇల్లు మారినా పాత పేరే ఉంచుకోవచ్చు గనక, ఆ అంకెని నమ్మడానికి లేదు. కాని వాళ్ళకి నష్టమేమీ లేదు. ఊరు పోయినా మనిషి పేరు మిగిలింది. మన బండి ప్లేటు మీద ఊరూ పోయింది, మనిషి పేరు ఎప్పుడూ లేదు.

పేరు దాచుకోవలసిన రోజులు కూడా ఉన్నాయి లెండి. 1939లో యుద్ధం రాగానే బ్రిటిషువాళ్ళు హామ్‌ల లైసెన్సులు ఆపేసి, సెట్లు పోలీసులకి అప్పగించమన్నారు. 1942 క్విట్ ఇండియా రోజుల్లో బొంబాయిలో ఇరవైరెండేళ్ళ ఉషా మెహతా, స్నేహితులతో కలిసి రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపింది. ఆ సెట్టు తయారీలో సాయపడింది నారిమన్ ప్రింటర్ అనే హామే. 42.34 మీటర్ల మీద మాట్లాడుతున్నామని చెప్పేవాళ్ళు గాని, ఎక్కడినుంచో చెప్పేవాళ్ళు కాదు. భారతదేశంలో ఎక్కడో ఒకచోట అనేవాళ్ళు. పోలీసులకి చిక్కకుండా ఇళ్ళు మార్చుకుంటూ ఆగస్టు నుంచి నవంబరు 12న అరెస్టయ్యేవరకు నడిపారు. పాతికేళ్ళయినా నిండని ఆడపిల్ల చేతిలో మైకు చూసి సామ్రాజ్యం భయపడింది.

స్వతంత్రం వచ్చాక భయం పోయిందిగాని లైసెన్సు పోలేదు. మాట్లాడ్డానికే కాదు, వినడానికి కూడా లైసెన్సే! మన ఇళ్ళల్లో పెద్ద రేడియోకి పోస్టాఫీసువాళ్ళు ఇచ్చే చిన్న పుస్తకం ఉండేది. ఏటేటా డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. 1980లలో అది రద్దయింది. మా అమ్మ ట్రంకుపెట్టెలో పెళ్ళినాటి పట్టుచీరల అడుగున అలాంటి పుస్తకం ఒకటి ఇప్పటికీ ఉంది. సంసారంలో సగం మాటలు అమ్మవే అయినా, లైసెన్సు మటుకు నాన్నగారి పేరు మీదే.

అందుకే హామ్‌ల లోకంలో ఆడవాళ్ళ సంగతి నాకు ముచ్చటగా తోచింది. వాళ్ళ మర్యాదలు తమాషాగా ఉంటాయి. మగవాడు పదిహేనేళ్ళ కుర్రాడయినా సరే 'ఓల్డ్ మేన్' అంటారు. ఆడది ఎనభై ఏళ్ళ ముత్తవ్వ అయినా 'యంగ్ లేడీ'నే. ఇంతకంటె నాగరికమైన సమాజం ఎక్కడుంటుంది చెప్పండి! పెళ్ళాన్ని మాత్రం 'ఎక్స్ యంగ్ లేడీ' అంటారట, అంటే మాజీ పడుచు. ఎక్కడికి వెళ్ళినా మొగుళ్ళు మొగుళ్ళే.

హాస్యం అటుంచితే, ఇక్కడ ఆడది ఫలానావారి భార్య కాదు. రాజీవ్ గాంధీ వి.యు. 2 ఆర్.జి. అయితే, సోనియా గాంధీ వి.యు. 2 ఎస్.ఓ.ఎన్. ఎవరి పేరు వాళ్ళది. మొగుడి లైసెన్సు మీద పెళ్ళాం మాట్లాడే వీలు లేదు. పరీక్ష తనే రాయాలి, పేరు తనే తెచ్చుకోవాలి. పన్నెండేళ్ళు నిండితే చాలు.

అలా తెచ్చుకున్న పేరే వి.యు. 2 ఆర్.బి.ఐ. ఆమె భారతీ ప్రసాద్. హైదరాబాదులో 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో అని ఒక సంస్థ పెట్టారు. ఆ సంస్థ తరఫున ఆమె 2004 డిసెంబరులో ఒక జట్టుని తీసుకుని అండమాన్ వెళ్ళింది. ఎన్నో ఏళ్ళుగా ఆ దీవుల నుంచి ఒక్క హామ్ మాటా వినబడలేదు. అనుమతి కోసం ఆమె పట్టు వదలకుండా తిరిగి తిరిగి సాధించుకుంది. పోర్ట్ బ్లెయిర్‌లో యాంటెన్నా ఎత్తగానే పిలుపు పేరులో రెండు కాస్తా నాలుగయి, వి.యు. 4 ఆర్.బి.ఐ. అయింది. అండమాన్‌తో ఒక్కమాట కలిపితే చాలని లోకమంతా హామ్‌లు ఆమె గొంతు కోసం ఎగబడ్డారు.

డిసెంబరు 26, ఆదివారం తెల్లవారి భూమి కంపించింది. ఆ వెనకే సునామీ. టెలిఫోన్లు పోయాయి. సరదాగా మొదలైన స్టేషను ఆ పూటతో దీవులకీ దేశానికీ మధ్య వంతెన అయిపోయింది. తిరిగి వచ్చేయవచ్చు, ఆమె రాలేదు. ఫలానావారు బతికే ఉన్నారు అన్న ముక్క, ఒడ్డున ఏడుస్తూ కూర్చున్న ఇళ్ళకి చేరవేస్తూ ఉండిపోయింది. విక్టర్ యూనిఫార్మ్ ఫోర్ రోమియో బ్రావో ఇండియా - అక్షరాలు తప్పుగా వినబడకుండా హామ్‌లు ఇలా విడదీసి పలుకుతారు. ఆ రోజుల్లో ఎన్నో గుమ్మాల్లో అది దేవుడి పేరు కన్నా ముందు వినబడ్డ పేరు అయి ఉంటుంది.

ఇదంతా మనకెందుకని అడగవచ్చు. తుపాను హెచ్చరికల్లో కళింగపట్నం, గోపాలపూర్ అన్న పేర్లు వింటూ పెరిగిన వాళ్ళం మనం. 1999 అక్టోబరు 29న ఒడిషాని ముంచిన పెనుతుపానులో హామ్‌లు పనిచేశారు. ఇచ్ఛాపురం దాటితే ఒడిషాయే గదా. 2013 అక్టోబరు 12న పైలిన్ గోపాలపూర్ దగ్గర దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ మీద పడింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరినీ జీడిమామిడినీ నేలమట్టం చేసింది. ప్రతిసారీ ముందు పోయింది కరెంటు, ఆ తరువాత సెల్‌ఫోను. చేతిలో ఎంత ఖరీదు ఫోనున్నా, టవరు పడిపోతే అది అద్దం ముక్కే. పక్క ఊళ్ళో అమ్మ ఎలా ఉందో తెలియక ఆ నాలుగు రోజులూ మనవాళ్ళు పడ్డ యాతన ఎవరూ మరిచిపోలేదు.

హామ్‌కి టవరుతో పని లేదు. రెండు కొబ్బరిచెట్ల మధ్య తీగ కట్టి - చెట్లు మిగిలితేనే అనుకోండి, లేకపోతే ఏ వెదురుగడకో - ఒక కారు బ్యాటరీ తగిలిస్తే చాలు. చిన్న తరంగాలు పైకి వెళ్ళి, ఆకాశంలో అయనోస్ఫియర్ అనే పొరకి తగిలి, వందల మైళ్ళ అవతల దిగుతాయి. దారి పొడుగునా స్తంభాలు అక్కర్లేదు. కావలసింది అటొక మనిషి, ఇటొక మనిషి.

అందుకని నాకు తోచిందేమిటంటే, అమెరికావాళ్ళ ప్లేటు మనకి రాదు, ఫరవాలేదు. చట్టం నంబరు చట్టానిదే. కానీ అక్టోబరు నెలలో మన తీరం వెంట తిరిగే ఒక జీపు అద్దం మీద వి.యు. అని రెండక్షరాలు కనబడితే, చెక్‌పోస్టు దగ్గర దాన్ని ఆపి కాగితాలు అడిగే బదులు, "అమ్మా, పలాసకి ఒక్క కబురు అందించగలరా?" అని అడగడం మనవాళ్ళకి తెలియాలి. ఆ స్టిక్కరు ఏమిటో తెలిసిన పోలీసు జిల్లాకి పదిమంది ఉన్నా మేలే.

ఇంకోమాట. మన ఆడపిల్లలకి కుట్టుపని నేర్పిస్తున్నాం, కంప్యూటరు నేర్పిస్తున్నాం, స్కూటరు కూడా నేర్పిస్తున్నాం. సోంపేటలోనో భోగాపురంలోనో హైస్కూలు చదివే పిల్ల చేత ఈ పరీక్ష కూడా రాయిస్తే ఏం పోయింది? పన్నెండేళ్ళ పిల్లకి సొంత లైసెన్సు, సొంత పేరు వస్తుంది. పెళ్ళయి ఏ ఊరు వెళ్ళినా, ఇంటిపేరు మారినా, ప్రభుత్వంవారు జిల్లాలు ఎన్నిసార్లు కలిపి కుట్టినా ఆ పేరు మారదు. గాలివాన వచ్చి అందరి ఫోన్లూ మూగబోయిన రాత్రి, ఊరు ఊరంతా ఆ పిల్ల అరుగు మీదికి వచ్చి కూర్చుంటుంది.